పైడితల్లి గన్ను కొన్న కథ

అనగనగా ఒక రోడ్డు. రాజులు పోయారు, కోటలు కూలాయి, రోడ్డు మాత్రం మిగిలింది. ఆ రోడ్డు కొండెక్కడం మొదలుపెట్టే చోట ఒక రేకుల షెడ్డు. అందులో పంచర్లు వేసి, చక్రాలు మార్చి బతికే మనిషి పేరు పైడితల్లి.

కొత్త డ్రైవర్లు బండి దిగి, షెడ్డంతా కలయజూసి, "మీ ఆయన లేడేటమ్మా?" అని అడిగేవారు.

"ఉన్నాడు బాబూ. ఇంట్లో వంట చేస్తున్నాడు. ఆకలేస్తే అటెళ్లు, పంచరైతే ఇటు రా," అనేది పైడితల్లి.

ఆమెకు ఒక గన్ను ఉండేది. తుపాకీ కాదు పిల్లలూ. బ్యాటరీతో తిరుగుతూ చక్రాల నట్లు విప్పే యంత్రం. మీట నొక్కితే టకటకా కొట్టుకుంటూ ఎంత మొండి నట్టునైనా లాగేస్తుంది. అది లేకపోతే పానాకు పొడుగాటి పైపు తొడగాలి. పైపు మీదికెక్కాలి. ఒంటి బరువంతా వేసి ఊగాలి. అలా ఊగీ ఊగీ ఒక మోకాలు పాడు చేసుకున్నాకే పైడితల్లి ఆ గన్ను కొంది.

ఒక మధ్యాహ్నం ఆ గన్ను కమురు కంపు కొట్టి, పొగ వదిలి, ఆగిపోయింది. బాగుచేసేవాడు విప్పి చూసి పెదవి విరిచాడు. "మోటారు కాలిపోయిందమ్మా. దీని మీద పెట్టే ఖర్చుకు కొత్తదే వస్తుంది."

గోరుచుట్టు మీద రోకటిపోటులా ఆ సాయంత్రమే భూషణం వచ్చాడు. షెడ్డు అద్దె వసూలు చేసుకునే పెద్దమనిషి ఆయన.

"పైడితల్లీ, చెరకు ట్రాక్టర్లు మొదలవబోతున్నాయి. నీ దగ్గర చూస్తే గన్ను లేదు. మా బావమరిది, అదే తవుడు, ఈ షెడ్డు అడుగుతున్నాడు. మగాడు, కండ ఉన్నవాడు. నువ్వింక ఇంటిపట్టున ఉండరాదా?"

పైడితల్లికి పొలం లేదు, పొలం ఉన్న చుట్టమూ లేడు. ఆ షెడ్డే పొలం, అదే పంట. చేతిలోని పానా దించకుండానే జవాబిచ్చింది.

"ఇంటిపట్టున మా ఆయన ఉన్నాడు కదా బాబూ, ఇద్దరం ఎందుకు? గన్ను కొనుక్కొస్తాను. చెరకు బళ్లు వచ్చిన రోజున నన్నూ తవుణ్ణీ పక్కపక్కన పని చెయ్యనియ్యండి. పని బాగున్నవాళ్లకే షెడ్డు."

"సరే," అని నవ్వాడు భూషణం. తీర్పు ఆ నవ్వులోనే ఉంది.

మర్నాడు పైడితల్లి చీటీ పాడిన డబ్బు కొంగున ముడివేసింది. పాత బండి చక్రం బిగించే ఇనప దిమ్మ ఒకటి, తుప్పు పట్టిన బోల్టులూ నట్లతో సహా, గోనెసంచిలో వేసి భుజానికెత్తింది.

భర్త సన్యాసి గరిటె పట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు. "ఇది మోసుకుని పట్నం వెళ్తావేటే? నవ్వుతారు."

"సంతలో ఎద్దును కాడి కట్టి లాగించకుండా ఎవరైనా కొంటారా? లాగించి చూడకుండా నేను తెచ్చుకున్నది నిన్నొక్కణ్ణే. ఏదో, మంచోడివి దొరికావు. ప్రతిసారీ అదృష్టం కలిసొస్తుందేటి?"

సన్యాసి నవ్వి, సంచి రెండో కొస పట్టి బస్సెక్కించాడు.

మొదటి దుకాణానికి అద్దాల తలుపులు. లోపల చల్లని గాలి. మెడకు టై కట్టుకున్న సేల్స్ కుర్రాడు ఎదురొచ్చాడు.

"సార్ రాలేదా మేడమ్?"

"సార్ పప్పు ఎసట్లో వేశాడు. నువ్వు గన్ను చూపించు."

అతను అన్నిటికంటే పెద్దది తీశాడు. "దీని బలం ఏనుగంత మేడమ్! చూడండి, పెట్టె మీద అంకె!"

పైడితల్లి అంకె చూడలేదు. సంచి విప్పి దిమ్మను నున్నటి గచ్చు మీద పెట్టింది. కుర్రాడి మొహం మాడింది. గన్ను పెట్టి మీట నొక్కగానే తుప్పు నట్టు ఒక్క గుక్కలో ఊడివచ్చింది.

"ఇప్పుడు బిగించి చూస్తాను," అంది. నట్టు ఎక్కించి, మీట అలా తాకిందో లేదో, ఏనుగు గర్రుమంది. మరుక్షణం టప్పున బోల్టు విరిగి మూలకెగిరింది.

"మీ బోల్టు పాతది మేడమ్," అన్నాడు కుర్రాడు.

"నేను చేసే బళ్లన్నీ పాతవే నాయనా. బోల్టులు విరగ్గొట్టేవాళ్లు మా ఊళ్లో ఊరికే దొరుకుతారు, డబ్బిచ్చి కొనక్కర్లేదు," అని ఆమె సంచి కట్టుకుంది.

రెండో దుకాణం యజమాని ఆమెను చూడగానే మెత్తబడిపోయాడు. "లేడీస్‌కని ప్రత్యేకంగా వచ్చిందమ్మా," అంటూ గులాబీ రంగు గన్ను ఒకటి అరచేతిలో పెట్టుకుని చూపించాడు. చిలకంత ఉంది. "తేలిక! చెయ్యి నొప్పెట్టదు. రంగు కూడా చూడండి, ఎంత ముద్దుగా ఉందో!"

నిజంగానే ముద్దుగా ఉంది. పైడితల్లి దాన్ని నట్టు మీద పెట్టింది. అది కీచుమంది, మళ్లీ కీచుమంది, అలిసిపోయి ఊరుకుంది. నట్టు వెంట్రుకవాసి కదల్లేదు.

"ఆడమనిషి విప్పుతుందని నట్టేమైనా వదులుగా కూచుంటుందా అన్నా?" అందామె. "దీంతో ఉయ్యాల మంచాలు బిగించుకోవచ్చు. నా దగ్గరికొచ్చేవి ట్రాక్టర్లు."

మూడోది మార్కెట్టు సందులో ఇరుకు కొట్టు. ఖాదర్ సాయిబు ముక్కు మీది కళ్లద్దాల పైనుంచి చూశాడు. ఆయన సార్ గురించి అడగలేదు. రంగు గురించి చెప్పలేదు.

"పాతదానికి ఏమైందమ్మా?" అన్నాడు.

అప్పటిదాకా ఆ ప్రశ్న ఎవరూ వెయ్యలేదు. "మోటారు పోయింది సాయిబు గారూ."

"బ్యాటరీలు?"

"రెండున్నాయి. బాగానే ఉన్నాయి."

"మరి మొత్తం సెట్టు ఎందుకు కొనడం? అదే కంపెనీ ఒట్టి బాడీ ఇస్తాను. నీ బ్యాటరీలే ఎక్కించుకో. సగానికి వస్తుంది."

పైడితల్లి అనుమానంగా చూసింది. "ఎక్కువ అమ్ముకోవాలని ఉండదా మీకు?"

"ఎందుకుండదు? కానీ ఇవాళ నిన్ను ముంచితే రేపు సుత్తి కొనడానికి నా కొట్టుకొస్తావా?"

ఆయన తీసింది పెద్దదీ కాదు, చిన్నదీ కాదు. వెనక ఇంకో మీట ఉంది, దానికి మూడు మెట్లు: మెల్లగా, మధ్యరకం, గట్టిగా. కొట్లోని బ్యాటరీ ఒకటి ఎక్కించి, పైడితల్లి దాన్ని తుప్పు నట్టు మీద పెట్టింది. గన్ను కొట్టుకుంది కానీ నట్టు రాలేదు. సాయిబు మొహం చిన్నబోయింది.

ఆమె మాత్రం గన్ను కిందపెట్టి, నట్టు మీద రెండు చుక్కల నూనె వేసి, సుత్తితో మెల్లగా తట్టి, సందు చివర టీ తాగి వచ్చింది. ఈసారి నట్టు కదిలింది, తిరిగింది, ఊడింది. తరవాత బిగించింది. వేలు తియ్యగానే గన్ను ఆగింది. ఆఖరి పట్టు పానాతో తనే వేసుకుంది. బోల్టు చెక్కుచెదరలేదు.

"ఇదివ్వండి," అంది. మిగిలిన డబ్బుతో మోకాలికి పట్టీ కొనుక్కుంది.

చెరకు బళ్లు వచ్చాయి. షెడ్డుకు ఆ పక్క తవుడు, ఈ పక్క పైడితల్లి. తవుడి చేతిలో ఏముందనుకున్నారు? అద్దాల దుకాణంలోని ఏనుగే! ఉన్న డబ్బంతా అదే మింగేసింది గనక, దానితో వచ్చిన ఒక్క బ్యాటరీతోనే సరిపెట్టుకున్నాడు.

గర్రున విప్పాడు, గర్రున బిగించాడు. "అదీ గన్నంటే!" అని డ్రైవర్లు ఈలలు వేశారు. అతని ముందు బళ్లు బారులు తీరాయి. పైడితల్లి ఒక నట్టు, దాని ఎదుటి నట్టు, మళ్లీ ఒక నట్టు, దాని ఎదుటి నట్టు, అలా వరసగా బిగించి, చివర పానాతో చెయ్యి వేసి చూసుకునేది. ఆమె ముందు రెండే ట్రాక్టర్లు నిలబడ్డాయి.

భూషణం కూడా తన జీపు చక్రాలు నాలుగూ తవుడి చేతే విప్పించి, గ్రీజు పెట్టించి, బిగించుకున్నాడు. "తేలిపోయింది పైడితల్లీ. రేపు ఖాళీ చేసెయ్," అన్నాడు.

ఆమె సామాన్లు సర్దడం మొదలుపెట్టింది. సన్యాసి అన్నం తెచ్చాడు. ఆమె దాన్ని విప్పకుండానే పక్కన పెట్టింది.

ఇలా ఉండగా, ఆ మధ్యాహ్నమే భూషణం తన భార్య సూరమ్మతో కలిసి, కొండ అవతలి చుట్టాలింట్లో గృహప్రవేశానికి జీపులో బయల్దేరాడు. సరిగ్గా కొండ మధ్యలో చక్రం తుస్సుమంది. స్టెప్నీ ఉంది. పానా ఉంది. నట్టు మాత్రం రానంది.

భూషణం లాగాడు. పానా మీదికెక్కి నిలబడ్డాడు. ఆఖరికి ఎగిరి దూకాడు. పానా జారి, పట్టు పంచెతో సహా రోడ్డు పక్క కాలవలో పడ్డాడు.

తవుడికి ఫోన్ చేస్తే, "బావా, ఉన్నది ఒకటే బ్యాటరీ. కొట్టీ కొట్టీ చచ్చింది. ఛార్జింగ్‌లో పెట్టాను. సాయంత్రం వస్తాలే," అన్నాడు.

ఎండలో రాతిమీద కూచున్న సూరమ్మ లేచి ఫోన్ లాక్కుంది. పైడితల్లికి తనే ఫోన్ చేసింది.

అడిగినవాడు భూషణమైతే ఆమె వచ్చేదో లేదో మనకు తెలియదు. పిలిచింది సూరమ్మ. సన్యాసి మోపెడ్ నడిపాడు, వెనక పైడితల్లి గన్ను ఒళ్లో పెట్టుకుని కూచుంది.

వచ్చి చక్రం చూసింది. బురదలో తడిసిన భూషణాన్నీ చూసింది. "తవుడు గట్టిగా బిగించాడు బాబూ. ఈ చక్రం ఊడిపోతుందన్న బెంగ లేదు. ఇంక ఎప్పటికీ ఊడదు," అంది.

సూరమ్మ పైటచెంగు నోటికడ్డం పెట్టుకుంది.

పైడితల్లి నూనె వేసింది. తట్టింది. ఆగింది. గన్ను పెట్టింది. ఒక బ్యాటరీ అయిపోతే రెండోది ఎక్కించింది. మూలిగి మూలిగి నట్లన్నీ వచ్చాయి. స్టెప్నీ ఎక్కించి, పానాతో ఆఖరి పట్టు వేసి, ఆ పానాను సూరమ్మ చేతికిచ్చింది.

"ఒకటి మీరు విప్పి చూడండమ్మా."

"నేనా?"

"మీరే. దారిలో ఆగిపోయిన మనిషి తన చేత్తో విప్పుకోగలగాలి. అప్పుడే అది సరైన బిగింపు."

సూరమ్మ పానా తగిలించి కాలితో అదిమింది. నట్టు తిరిగింది. ఆమె మొహంలో వెలుగు వచ్చింది. మళ్లీ తనే బిగించింది. చేతులు దులుపుకుని మొగుడి వైపు తిరిగింది.

"ఏవండీ, ఆ షెడ్డు ఎవరిది?"

"అదేం ప్రశ్న? మనదే."

"మా అమ్మ పసుపు కుంకుమ కింద నాకు రాసిచ్చిన స్థలం అది. అద్దె మీరు తెస్తున్నారని మీదైపోయిందా? పైడితల్లి ఎక్కడికీ వెళ్లదు."

"తవుడు నీ సొంత తమ్ముడే!" అన్నాడు భూషణం నోరు తెరిచి.

"తమ్ముడే. చిన్నప్పటి నుంచీ వాడు బిగించినవన్నీ విప్పుకుంటూ వస్తున్నది నేనే. ఇంక చాలు," అంది సూరమ్మ.

ఆ విధంగా రేకుల షెడ్డు పైడితల్లికి దక్కింది. తవుడు కూడా ఊరు విడిచిపోలేదు. పైడితల్లి దగ్గరే చేరి, పానా పట్టడం మొదటినుంచి నేర్చుకుంటున్నాడు.

కనుక పిల్లలూ, యంత్రాన్ని ఎంచుకునేటప్పుడైనా, మనిషిని ఎంచుకునేటప్పుడైనా, బలమెంతో అడిగి ఊరుకోకండి: ఎక్కడ ఆగాలో తెలిసిన బలమే అక్కరకు వస్తుంది.