మడుగు కోసం దుప్పి రాసిన ఆకు

నల్లరాతి కొండల నడుమ తునికిచెట్ల అడవి ఒకటి ఉండేది. అందులో దుప్పులు, అడవిపందులు, నెమళ్ళు, ఒక ముసలి ఏనుగు ఉండేవి. ఆ ఏడు ఎండలు ముదిరి వాగులన్నీ ఎండిపోయాయి. ఒక్క మడుగులోనే నీళ్ళు మిగిలాయి.

పందులు పొద్దస్తమానం ఆ మడుగులోనే పొర్లేవి. నీళ్ళన్నీ బురదయ్యాయి. అవి తాగి దుప్పి పిల్లలు జబ్బుపడ్డాయి. చుక్కి అనే తల్లిదుప్పి బిడ్డయితే రెండు రోజులుగా లేవలేదు.

రోజూ మడుగు దగ్గర అరుపులే. చివరికి అడవికి పెద్దయిన ఏనుగు ఇలా అంది: "అరుపుల్లో ఎవరి మాటా వినబడడం లేదు. చెప్పదలచుకున్నది ఆకు మీద రాసి చదవండి. రెండు పక్షాలూ ఒప్పుకుంటేనే కట్టుబాటు."

దుప్పుల తరఫున నెమలి ముందుకొచ్చింది. "ఈ అడవిలో నాలా రాసేవారెవరు? ఒక్క ఆకుతో ఆ మొద్దుల నోరు మూయిస్తాను" అంది.

మర్నాడు సభలో చదివింది. "మురికిలో పుట్టిన మీకు నీటి విలువ ఏం తెలుసు?" అన్నది మొదటి వాక్యం. రెండోది వినడానికి పందులు నిలవలేదు. నేరుగా మడుగులో దిగి సాయంత్రం దాకా పొర్లాయి.

చుక్కికి ఒళ్ళు మండింది. నోట ముల్లు పట్టుకుని తానూ ఆకు నిండా తిట్లు రాసింది. తిరిగి చదువుకుంది. 'ఇది వింటే నా బిడ్డకు మంచినీళ్ళు వస్తాయా?' అనుకుంది. ఆ ఆకును నమిలి మింగేసింది.

పందులు ఎందుకు పొర్లుతాయో తనకు తెలియనే తెలియదు. భయపడుతూనే పందుల పెద్ద దగ్గరికి వెళ్ళింది.

"తిట్టిపోవడానికి వచ్చావా?" అంది ముసలి పంది.

"కాదు మామా, అడగడానికి వచ్చాను. మీకు బురదెందుకు?"

ముసలి పంది తన మనవరాలిని ముందుకు తోసింది. "మాకు చెమట పట్టదమ్మా. ఒంటికి బురద లేకపోతే ఎండకు బతకం. నా మనవరాలి వీపు చూడు, ఎలా పొక్కిపోయిందో."

చుక్కి తిరిగొచ్చి మళ్ళీ రాయడానికి కూర్చుంది. 'మీదే తప్పు' అన్న చోటల్లా కొట్టేసింది. తన బాధను మాత్రం కొట్టెయ్యలేదు. నాలుగో ఆకుకు గానీ తృప్తి కలగలేదు.

సభలో ఇలా మొదలుపెట్టింది: "పందులకు చెమట పట్టదు. బురద లేకుంటే వాటి పిల్లల ఒళ్ళు పొక్కిపోతుంది. వాటికి బురద కావలసిందే."

పందులు చెవులు నిక్కించాయి. "నువ్వు ఎవరి పక్షం?" అని దుప్పులు గొణిగాయి. చుక్కి ఆగలేదు.

"బురదనీళ్ళు తాగి మా పిల్లలు లేవలేకపోతున్నాయి. మీ పిల్లలు తాగేదీ ఆ నీళ్ళే. పిల్లలు బతకాలన్నదే మనందరి కోరిక. మడుగు కింద పల్లంలో తేమ ఉంది. మీరు మూతులతో తవ్వండి, మేం కాళ్ళతో మన్ను తోస్తాం. ఆ గుంట మీకు. మడుగు అందరూ తాగడానికి."

ముసలి పంది ఆలోచించింది. "ఒక మాట చేర్చు. దుప్పులు కూడా మడుగులో దిగకూడదు. గట్టు మీది నుంచే తాగాలి."

"న్యాయమే మామా" అని చుక్కి అక్కడికక్కడే రాసింది.

మూడు రోజుల్లో గుంట తయారైంది. వారానికి మడుగు తేటపడింది. చుక్కి బిడ్డ లేచి, గట్టు మీద నిలబడి కడుపు నిండా తాగింది.

ఆ తర్వాత ఏ తగాదా వచ్చినా అడవి చుక్కినే రాయమంది. నెమలి ఇంకా ఘాటుగా రాస్తూనే ఉంది. వినడానికి మాత్రం ఎవరూ రాలేదు.

నీతి: ఎదుటివారి బాధను ముందు తెలుసుకుని, ఇద్దరికీ కావలసినదాన్ని చూపించినవారి మాటే చెవికెక్కుతుంది.