స్ప్రింగుల మధ్య చింతచెక్క

కేశవార్యులవారికి ఒక అలవాటు. ఎవరు ఏ సందేహం అడిగినా వెంటనే బదులు చెప్పరు. "భోజనాలయ్యాక చూద్దాం" అంటారు. భోజనాలయ్యాక అడిగినవాడు మరిచిపోతే ఆయన గుర్తు చెయ్యరు. గుండ్లకమ్మ ఒడ్డున ఆయన ఆశ్రమంలో కూరగాయలు తరుగుతూ ముసలివాణ్ణయిపోయాను నేను. ఆకలి ముందు నిలబడలేకపోయిన సందేహాలు ఎన్నో చూశాను. దామోదరం సందేహం మాత్రం వేరు.

దామోదరం ఆయన శిష్యుడు. భోజనశాల పెత్తనం అతనికి కొత్తగా అప్పగించారు. మంచివాడే పాపం, కానీ ఉత్త కంగారు మనిషి. అది ద్వాదశి. చుట్టుపక్కల ఊళ్లన్నీ ఆశ్రమానికి భోజనానికొచ్చే రోజు. పొద్దున్నే వచ్చి గురువుగారి ముందు కూర్చున్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"స్వామీ, పదిమందిని నడిపేవాడు తనకు తగిలిన దెబ్బ పైకి కనబడనివ్వొచ్చా? నిన్న నాంచారమ్మ బండి లాగనని ఏడ్చింది. భయం నాకూ ఉంది. ఆ మాట అంటే అందరూ జారిపోతారని గట్టిగా కసిరాను. గట్టిగా ఉండటం తప్పా?"

"భోజనాలయ్యాక చూద్దాం" అన్నారు గురువుగారు.

నాంచారమ్మ ఏడవడానికి కారణం ఉంది. మా భోజనశాల నేలంతా కడప బండలు. ఒక బండ లేస్తే పక్కది దిగుతుంది. మరుగుతున్న పప్పుచారు గుండిగను బండి మీద పెట్టి, వరసల మధ్యగా అవతలి కొసకు తీసుకుపోవాలి. అక్కడ బకెట్లలో నింపుకుని వడ్డిస్తారు. ముందు తాడు పట్టి లాగేది నాంచారమ్మ. వెనక నెట్టడానికి ఒక మనిషి. పాత బండికి ఇనప చక్రాలుండేవి. ప్రతి అతుకు దగ్గరా ఆ బండి ఎగిరిపడేది, లాగేవాళ్ల భుజాలు పట్టేసేవి. ఒకరోజు గుండిగ తొణికి నాంచారమ్మ మడమ దగ్గర్నుంచి పాదమంతా బొబ్బలెక్కింది. ఆ కేకలు నా చెవుల్లో ఇంకా ఉన్నాయి.

ఆ తరవాతే గురువుగారు ఒంగోలు నుంచి కొత్త చక్రాలు తెప్పించారు. రబ్బరు అంచు, ఒక్కో చక్రం మీద ఒక్కో స్ప్రింగు. అబ్బ, ఏం హాయి! బండి పిల్లిలా వచ్చేది. అతుకు దగ్గర తగిలే దెబ్బ కింద చక్రం దగ్గరే ఆగిపోయేది, పైన పప్పుచారు కాస్త వణికి ఊరుకునేది. నాంచారమ్మకు భుజాల నొప్పి తగ్గింది. భయం మాత్రం తగ్గలేదు. గుండిగ వీపు వెనకే ఉంటుంది కదా, నాలుగడుగులకోసారి తిరిగి చూసుకునేది. అన్నం తినేటప్పుడు కూడా ఆమె కన్ను దానిమీదే ఉండేది.

ద్వాదశి కోసమని ముందురోజే పెద్ద గుండిగలో నీళ్లు పోసి బండిని లాగి చూశారు. మధ్యలో నాంచారమ్మ తాడు వదిలేసింది. "బాబూ, ఇది మళ్లీ పాతబండి మాదిరి చప్పుడు చేస్తోంది. నా వల్ల కాదు" అంది. దామోదరం కసిరింది అప్పుడే.

మధ్యాహ్నం పంక్తి కూర్చుంది. మా దగ్గర ఒక కట్టుబాటు: కూర్చున్నాక మధ్యలో ఎవరూ లేవకూడదు. పెద్దవారు లేచారా, ఎవరి విస్తట్లో ఏమున్నా అందరూ లేవాల్సిందే. అందుకే గురువుగారు ఎప్పుడూ అందరికంటే నెమ్మదిగా తింటారు. నేను ముద్దపప్పులో నెయ్యి వేసుకుని అప్పుడే కలుపుతున్నాను.

గడగడమని చప్పుడు మొదలైంది.

చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. నాంచారమ్మ తాడు భుజానికి చుట్టుకుని వస్తోంది, మొహంలో నెత్తురు లేదు. వెనక దామోదరం. గుండిగ అంచు మీంచి పప్పుచారు చిమ్మి బండల మీద పొగలు కక్కుతోంది. రెండు పక్కలా బాసింపట్లు వేసుకుని జనం, వాళ్ల ఒళ్లో పిల్లలు. కదిలేవాడు లేడు. కట్టుబాటు మరి!

"గట్టిగా పట్టుకో! గట్టిగా!" అని దామోదరం అరుస్తున్నాడు. అతని గొంతే వణుకుతోంది.

గురువుగారు లేచి నిలబడ్డారు.

ఆయన విస్తట్లో మొదటి ముద్ద కూడా కదలలేదు. అయ్యో అనుకుంటూ పంక్తి మొత్తం లేచింది, పిల్లల్ని చంకనేసుకుని గోడలకు చేరింది. నాకు మాత్రం కడుపు మండిపోయింది, నెయ్యి వేసుకున్న అన్నం!

"తాడు వదిలెయ్యమ్మా, ఇటు రా!" అన్నారు గురువుగారు. ఆయన గొంతు అంత పెద్దదని మాకెవరికీ తెలియదు.

నాంచారమ్మ తాడు జారవిడిచి పక్కకు దూకింది. బండి ఆగలేదు. స్తంభం దగ్గర లేచి ఉన్న బండకు ముందు చక్రం కొట్టుకుంది. గుండిగ ఒరిగి, సగం పప్పుచారు ముందుకు దూకింది. అంతకుముందు ఆమె నిలబడ్డ చోట, పిల్లలు కూర్చున్న చోటి విస్తళ్ల మీద అది సలసలా పరుచుకుంది. ఎవరికీ ఏమీ కాలేదు. నాంచారమ్మ స్తంభాన్ని పట్టుకుని తన పాదాన్ని చూసుకుంటోంది.

గురువుగారు బండి దగ్గర గొంతుక్కూర్చుని చక్రం మీద చెయ్యి పెట్టారు. స్ప్రింగు చుట్ల మధ్య బిగించి కొట్టిన చెక్కముక్కలున్నాయి.

"ఇవేంటి నాయనా?"

"చింతచెక్క స్వామీ" అన్నాడు దామోదరం. "నిన్న నీళ్ల గుండిగ పెట్టేసరికి స్ప్రింగులు కుంగిపోయాయి. విరిగి గుండిగ బోర్లా పడుతుందేమోనని భయమేసింది. కదలకుండా ఉంటే గట్టిగా ఉంటాయని నేనే కొట్టాను."

గురువుగారు తిట్టలేదు. రోకలిబండ తెప్పించి అతని చేతికిచ్చారు. దామోదరం ఒక్కో ముక్కా ఊడగొడుతుంటే కళ్లనీళ్లు చక్రం మీదే పడ్డాయి. ఈలోగా నేల కడిగారు, కొత్త విస్తళ్లు వేశారు, గుండిగ మళ్లీ నింపారు. గురువుగారు నాంచారమ్మను తన పక్కన విస్తరి ముందు కూర్చోబెట్టారు. తాడు దామోదరానికిచ్చారు. నెట్టడానికి నన్ను లేపారు. అలా నా అన్నం రెండోసారి పోయింది.

బండి కదిలింది. చప్పుడు లేదు. నా చేతులకు అదురు లేదు. దామోదరం మాత్రం అడుగడుక్కీ వంగి చక్రాలనే చూస్తున్నాడు. స్తంభం దగ్గర లేచిన బండ వచ్చింది. స్ప్రింగు ఒక్కసారి కిందికి కుంగింది. అతను ఊపిరి బిగపట్టాడు, నేనూ బిగపట్టాను. అది మళ్లీ లేచింది. పప్పుచారు వణికింది, చుక్క కూడా తొణకలేదు.

గురువుగారి ఎదురుగా బండి ఆపాడు. చెమట తుడుచుకుని, మళ్లీ ఆ స్ప్రింగు వైపే చూస్తూ, "ఎంత కుంగిందో చూశారా స్వామీ!" అన్నాడు.

ఆయన పక్కన నాంచారమ్మ బండికి వీపు తిప్పి కూర్చుని ఉంది. ఒక్కసారి కూడా వెనక్కి చూడకుండా, తల వంచుకుని అన్నం కలుపుకుంటోంది.

గురువుగారు మొదటి ముద్ద చేతిలోకి తీసుకున్నారు. "చక్రాన్ని చూస్తావేం నాయనా? పొద్దున అడిగావుగా, నాంచారమ్మను చూడు."