ఏదుపంది ముల్లు, నక్క లేహ్యం

చిలకలవాగుకు ఇవతల ఇప్పచెట్ల కొండ, అవతల నిటారు రాతిగట్టు. ఎండాకాలమంతా ఇవతల ఇప్పపూలు తిని, ముసురు పట్టేలోపు కొమ్మల మీదుగా అవతలికి దూకి గుహల్లో తలదాచుకోవడం అక్కడి కొండముచ్చుల తాతలనాటి ఆచారం. ముసురు మొదలైతే కొమ్మలు పాచిపట్టి జారతాయి. ఇవతల ఉండిపోయినవాళ్ళు చిరుతపులి పాలే.

ఆ ఏడు గంగులమ్మ అనే కొండముచ్చుకు చేతులు మొరాయించాయి. పొద్దున లేచేసరికి వేళ్ళు కట్టెల్లా బిగుసుకుని ఉండేవి. కడుపును కరుచుకుని పాలుతాగే పిల్ల. తన అమ్మమ్మ చేతులు గంగులమ్మకు గుర్తే, అల్లం కొమ్ముల్లా వంకర్లు తిరిగి ఉండేవి. ఆవిడ ఒక ఏడు ఇవతలే ఉండిపోయింది. తర్వాత ఆవిడ మాట ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

అడవికి పెద్దవైద్యుడు ఎలుగుబంటి భద్రయ్య. ఆయన ఇచ్చిన చేదు బెరడు నమిలితే నొప్పి సగం తగ్గింది. “మానకుండా నములు. మిగతా సగానికి ఏదుపంది వరాలమ్మను చూడు” అని ఆయనే పంపాడు.

వరాలమ్మది ముళ్ళ వైద్యం. మంచుకొండల అవతల చీనా దేశం నుంచి ఏటా చలికాలానికి వచ్చే బాతులు ఆమె ముత్తవ్వకు నేర్పిన విద్య అది. బాతుల రెక్కల్లో చిక్కుకుని వచ్చిన గింజలే ఆమె బొరియ చుట్టూ మందుమొక్కలై మొలిచాయి.

“నాలుక చాపు” అంది వరాలమ్మ.

“జబ్బు చేతులకక్కా.”

“చేతులు ఎక్కడికీ పోవులే. చాపు.”

నాలుక చూసింది. రెండు మణికట్లూ పట్టుకుని, కళ్ళు మూసుకుని, చాలాసేపు నాడి చూసింది. నిద్ర, ఆకలి, దాహం అన్నీ అడిగింది. “మీ ఇంట్లో ఇంకెవరికైనా ఉండేదా?” అని కూడా అడిగింది. గంగులమ్మ అమ్మమ్మ సంగతి చెప్పింది.

“కంచే చేను మేస్తోంది, చెల్లీ. భగవంతుడు ఒంట్లో కాపలా పెట్టాడు. బయటి దొంగల్ని తరమాల్సిన ఆ కాపలా నీ కీళ్ళనే దొంగలనుకుని కొరుకుతోంది.”

“అయితే ఆ కాపలాను చంపెయ్యక్కా.”

“చంపితే నిజం దొంగ వచ్చిననాడు ఎవరు లేస్తారు? అది చెడ్డది కాదు, బెదిరింది. భద్రయ్య బెరడు దానికి కళ్ళెం. నేను ఒళ్ళంతటినీ కాస్త జోకొడతాను.”

వేడినీటి బుగ్గలో కడిగిన ముల్లొకటి తీసి గంగులమ్మ కాలి బొటనవేలి సందున గుచ్చింది. మోకాలి కింద ఇంకొకటి.

“చెయ్యి నొప్పంటే కాలికి గుచ్చుతావేంటక్కా? పరాకుగా ఉన్నావా?”

“మాట్లాడకు. ఊరికే ఉండు.”

గంగులమ్మ ఊరికే ఉంది. మొదట చీమ పాకినట్టయింది. తర్వాత, ఎండిన వాగులో కొత్తనీరు ఇసుకను తడుపుకుంటూ వచ్చినట్టు, ఏదో కాలినుంచి మెల్లగా పైకి నడిచింది. నడుం దాటింది, భుజం దాటింది, వేళ్ళ కొసలకు చేరి ఆగింది. చేతుల్లో ఎన్నాళ్ళుగానో మోగుతున్న రొద సద్దుమణిగింది. ఆ నిశ్శబ్దంలో, తన గుండెకు ఆనుకున్న పిల్ల గుండె కొట్టుకోవడం ఆమెకు తెలిసింది. ఇంత చిన్న ఒంట్లో ఇన్ని దారులు ఎప్పుడు వేశావు స్వామీ అనుకుని చేతులు జోడించింది. జోడించాకే చూసుకుంది, అవి కలిశాయి.

“జబ్బు పోయిందా అక్కా?”

“పోలేదు. నొప్పి నిద్రపోయింది, మళ్ళీ లేస్తుంది. మళ్ళీ రా. ఇదిగో, నా మందుమొక్కల వేళ్ళతో కాచిన కషాయం. ఇది కూడా భద్రయ్యకు చూపించాకే తాగు. ఒకదాన్నొకటి ఎరగని మందులు కడుపులో కొట్లాడుకుంటాయి. ఓపిక పట్టు, బెరడు మాత్రం మానకు.”

దారిలో నక్క ఎదురైంది. “ఏం వదినా, ముళ్ళు గుచ్చించుకొస్తున్నావా? రేగుకంపలో నడిస్తే ఊరికే గుచ్చుకునేవిగా.”

“ఎగతాళి చెయ్యకయ్యా. హాయిగా ఉంది.”

“హాయి సరే, ముసురులోపు దూకుతావా? రోగమంటే ఏంటి, బలం లేకపోవడం. ఇదిగో బలం లేహ్యం. ఒంట్లో కాపలాను ఏనుగంత చేస్తుంది. ఆ చేదు బెరడే నిన్ను నీరసపెడుతోంది, అవతల పారెయ్. నాకేం పెద్దగా వద్దు, రోజూ ఇన్ని ఇప్పపూలు రాల్చు చాలు.”

లేహ్యం నిండా తేనె. రోగి కోరిందీ తీపే, వైద్యుడిచ్చిందీ తీపే. ఆకాశం చూస్తే మబ్బులు కమ్ముకొస్తున్నాయి. గంగులమ్మ బెరడు మానేసి లేహ్యం నాకింది.

నాలుగు రోజులు ఒంట్లో ఉత్సాహం పొంగింది. ఆ తర్వాత ఒక పొద్దున వేళ్ళే కాదు, మోచేతులు, మోకాళ్ళు అన్నీ నిప్పుల్లా కాలాయి. పిల్ల పట్టు తప్పితే అందుకోలేకపోయింది. అది జారి కింది కొమ్మకు తగులుకుని కీచుమంది.

ఆ రోజే మందపెద్ద వీరన్న వచ్చాడు. “గాలి తిరిగింది గంగులూ. ఇవాళే దాటుతున్నాం.”

“నా చేతులు చూడన్నా. పిల్లనైనా తీసుకుపో.”

“పాలు తాగే పిల్లను తీసుకుపోయి ఏం పెట్టను తల్లీ? ముసురు పట్టేదాకా అవతలి కొమ్మ మీద నీకోసం కూర్చుంటాను. పట్టాక నా చేతుల్లో ఏముంది?”

మందంతా దాటిపోయింది. గంగులమ్మ పిల్లతో కుంటుకుంటూ వరాలమ్మ ముందు నిలబడి, జరిగింది చెప్పి తల దించుకుంది. వరాలమ్మ తిట్టలేదు.

“కంచె చేను మేస్తుంటే కంచెకే ఎరువేశావా పిచ్చిదానా. కూర్చో, కాలు చాపు. బెరడు మళ్ళీ మొదలెట్టాలి. ఆ చెట్టూ, భద్రయ్య గుహా కొండ నెత్తిన ఉన్నాయి, ఇప్పుడు నువ్వెక్కలేవు, నేనూ ఎక్కలేను. తెచ్చేవాళ్ళని దేవుడే చూపించాలి.”

గంగులమ్మ గతి చూసి లేహ్యం కోసం నక్క దగ్గరికి పోయేవాళ్ళు తగ్గిపోయారు. నక్క పొదచాటున చేరి వరాలమ్మ వైద్యం చూసింది. ఆమె వాడేవన్నీ రాలిపడిన ముళ్ళే. ‘రాలిన ముల్లుకే ఇంత మహిమైతే ఒంటి మీది పచ్చిముల్లుకు ఇంకెంత బలముండాలి’ అనుకుంది. మధ్యాహ్నం వరాలమ్మ కునుకు తీస్తుంటే వెనకనుంచి వెళ్ళి నోటినిండా పట్టి లాగింది. వరాలమ్మ నిద్రలోనే ఒకసారి ఒళ్ళు విదిల్చింది, అంతే. నక్క మూతీ, పెదవులూ, చిగుళ్ళూ ముళ్ళమయం.

ఏడుస్తూ భద్రయ్య దగ్గరికి పరుగెత్తింది.

“నా గోళ్ళకు విరిగిపోతాయి. మొన లోపలుంటే చీము పడుతుంది. దీనికి కొండముచ్చు వేళ్ళే కావాలి” అన్నాడు భద్రయ్య.

“వాళ్ళంతా దాటిపోయారు మామా.”

“ఒకామె మిగిలింది. ఎందుకు మిగిలిందో నీకు తెలుసనుకుంటా.”

గంగులమ్మ నక్కను చూసి జాలిపడింది. వాచిన చేతులు చాపి చూపించింది. “తీయనంటానా నాయనా? కానీ వేళ్ళు వంగాలిగా. ఇదంతా నువ్వు పోసిన బలమే.”

ఇక నక్కకు కూడు లేదు, నీళ్ళే గతి. పొద్దున్నే కొండెక్కి, భద్రయ్య చీల్చి ఇచ్చిన బెరడు మెడకు తగిలించుకుని దిగేది. వరాలమ్మ చెప్పిన మొక్కల వేళ్ళు తవ్వేది. రోజూ ముద్దమాటలతో “వదినా, వంగాయా?” అని అడిగేది.

“ఏం వైద్యులుగారూ, చేదు మోస్తున్నారు?” అని కుందేళ్ళు నవ్వేవి.

“నవ్వండి. ఆమె చెయ్యి బాగుపడాలని నాకన్నా ఎక్కువ మొక్కినవాళ్ళు ఈ అడవిలో లేరు.”

ఒక ఉదయం కొండ వెనక ఉరిమింది. గంగులమ్మ కళ్ళు తెరిచి వేళ్ళు కదిపింది. బొటనవేలు వచ్చి చూపుడువేలిని తాకింది. కాసేపు అలాగే పట్టుకుని చూస్తూ ఉండిపోయింది, కొత్తగా ఎవరో ఇచ్చి వెళ్ళినట్టు.

“కూర్చో” అంది నక్కతో. ఒక్కొక్క ముల్లూ మొన విరగకుండా, తిన్నగా లాగింది. నక్క కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఆఖరి ముల్లు తీసి, వరాలమ్మకు దణ్ణం పెట్టి, పిల్లను కడుపుకు హత్తుకుని కొమ్మెక్కింది. అవతల వీరన్న లేచి నిలబడ్డాడు. తొలి చినుకు ఆకు మీద పడుతుండగా గంగులమ్మ దూకింది. కొమ్మ ఊగింది. వేళ్ళు వదల్లేదు.

ఆ ముసురులో కుందేలొకటి వచ్చి నక్కను బలం లేహ్యం అడిగింది. నక్క బొక్కలు పడ్డ మూతి తడుముకుని, “నా దగ్గర లేదు. పద, భద్రయ్య మామ గుహ చూపిస్తా” అని వానలో ముందు నడిచింది.

బలమెవరైనా పోస్తారు, అది ఎవరి పక్షాన నిలబడుతుందో తెలిసి పోసినవాడే వైద్యుడు.