సిరాగొడుగు ఆనవాళ్లు

దస్తగిరికి సిరాగొడుగు అనే పుట్టగొడుగు ఒక పట్టాన అంతుబట్టలేదు.

నల్లమల అంచున ఖాదర్‌వలీ సాయిబు అనే ఫకీరు ఉండేవాడు. అడవిలోకి పోయేవాళ్లూ వచ్చేవాళ్లూ ఆయన గుడిసె దగ్గర ఆగి, ఇంత అన్నం తిని పోయేవారు. వానాకాలంలో కూర అంటే పుట్టగొడుగులే. తప్పు గొడుగు ఒక్కటి కుండలో పడితే ఎంతమంది ప్రాణాల మీదికి వస్తుందో చెప్పలేం. సాయిబు కుండ మాత్రం ఏనాడూ ఎవరికీ కీడు చేయలేదు. ఆ విద్య నేర్చుకుందామనే దస్తగిరి బడిపంతులు పని మానుకుని ఆయన దగ్గర చేరాడు.

తొలి వానలకు, కుళ్లిన మొద్దు మొదట్లో బూడిదరంగు గొడుగులు కోడిగుడ్లలా గుత్తిగా మొలిచాయి. దస్తగిరి పుస్తకంలో రాసుకున్నాడు. మర్నాడు అదే చోట గంటల్లా విచ్చుకున్నవి కనిపించాయి. లోపలి రేకులు నల్లబడి ఉన్నాయి. ఇది వేరే రకం అనుకుని అదీ రాసుకున్నాడు. మూడోనాడు చూస్తే గొడుగులే లేవు. తెల్లటి కాడల మీంచి నల్లటి నీళ్లు కారుతున్నాయి, ఎవరో సిరాబుడ్డి ఒలకబోసినట్టు.

"సామీ, ఒకే మొద్దుకి మూడు జాతులు మొలుస్తాయా?" అని అడిగాడు.

సాయిబు నవ్వలేదు. చాప ఒకటి తెచ్చి మొద్దు పక్కన పరిచాడు.

"కూచో" అన్నాడు.

మళ్లీ గుత్తి లేచేదాకా ఆగి, లేచాక రెండు రోజులు దస్తగిరి అక్కడే కూచున్నాడు. గుడ్డు గంట కావడం చూశాడు. గంట అంచులు చిరిగి, పైకి చుట్టుకుని, బొట్టుబొట్టుగా కారిపోవడం చూశాడు. మూడూ ఒకటే.

ఆ తర్వాత ఇక ఆగలేదు. కాడ బోలుదా గట్టిదా, రేకులు ఎప్పుడు తెలుపు తప్పుతాయి, నలిపితే ఏం వాసన, మట్టిలోంచి లేచిందా మొద్దులోంచి లేచిందా, అన్నీ పట్టుకున్నాడు. మరుసటి వానాకాలానికి సిరాగొడుగుకు పద్దెనిమిది ఆనవాళ్లు గడగడా ఒప్పజెప్పేవాడు. అన్నానికి వచ్చినవాళ్లు వింతగా వినేవారు. దస్తగిరికి లోలోపల గర్వంగానే ఉండేది.

ఆ శ్రావణంలో ఒకరోజు పక్క ఊళ్లో చావుకని సాయిబు వెళ్లాడు. దస్తగిరి ఒక్కడే మొద్దు దగ్గరికి పోయి లేత గొడుగులు కోశాడు. ఒక్కొక్కదాన్నీ కోసి లోపల చూసి, తెల్లగా ఉన్నవే ఏరి కూర వండాడు. ఆరోజు ఏడుగురు తిన్నారు. తనూ రెండుసార్లు వడ్డించుకున్నాడు.

మర్నాడు మధ్యాహ్నం ఇద్దరు మనుషులు ఒక మంచం మోసుకొచ్చారు. మంచం మీద బొగ్గులు అమ్మే మనిషి. ముఖం, మెడ ఇటుకరాయిలా ఎర్రబడ్డాయి. గుండె చొక్కా మీంచి కనిపించేంతగా కొట్టుకుంటోంది. మాటిమాటికీ వాంతి.

"నిన్న నీ కూరే తిన్నాడు" అన్నాడు మోసుకొచ్చినవాళ్లలో పెద్దాయన.

"నువ్వూ తిన్నావు కదన్నా!"

"తిన్నా."

"నీకేమైంది?"

"నాకేం కాలేదు."

దస్తగిరి గుడిసె వెనక్కి పరుగెత్తాడు. నిన్న పారేసిన కాడలన్నీ పెంటలోంచి ఏరి ఒక్కొక్కటే తిప్పి చూశాడు. అన్నీ ఒకే జాతి. మళ్లీ చూశాడు. ఒకే జాతి. విషమైతే తనెందుకు బాగున్నాడు? కూరైతే ఈ మనిషి ఎందుకిలా పడున్నాడు? చేతిలోని కాడను ఎంతసేపు చూస్తే అంతగా కొత్తదిలా కనిపించసాగింది. ఇది సిరాగొడుగేనా? అసలు తనకు ఏ గొడుగైనా తెలుసా?

అప్పుడే సాయిబు వచ్చాడు. మనిషి నాడి చూశాడు. వంగి నోటి దగ్గర ముక్కు పెట్టాడు. మంచం వేపచెట్టు నీడకు జరిపించి, నుదుటి మీద తడిగుడ్డ వేసి, గుక్కెడు గుక్కెడుగా నీళ్లు తాగించాడు. "పొద్దు వాలేలోగా తగ్గుద్ది, ఏం పరవాలేదు" అని మోసుకొచ్చినవాళ్లను పంపేశాడు.

అన్నట్టే నీడలు సాగేసరికి ఎరుపు దిగింది. గుండెదడ నెమ్మదించింది. ఆ మనిషికి కునుకు పట్టింది.

దస్తగిరి సాయిబు పక్కకు వచ్చాడు. "సామీ, నేను పోల్చుకోవడంలో పొరబడ్డానా?"

"లేదు. అది సిరాగొడుగే."

"మరి సిరాగొడుగు కూరా, విషమా?"

సాయిబు అతని భుజం పట్టి నిద్రపోతున్న మనిషి మీదికి వంచాడు. కల్లు వాసన గుప్పుమంది.

"ఈ గొడుగు తిన్నాక నాలుగైదు రోజులు కల్లు ముట్టకూడదు. ముట్టుకుంటే ఇదే గతి. నేనుంటే ఈయనకు పప్పు పోసుండేవాణ్ని."

దస్తగిరికి దుఃఖంతో పాటు కోపమూ వచ్చింది. "ఆ మాట నాకు ఒక్కనాడూ చెప్పలేదే!"

"నువ్వు గొడుగు గురించే అడిగినావు నాయనా."

అదేం జవాబో దస్తగిరికి అర్థం కాలేదు. "చెప్పుంటే రాసుకునేవాణ్ని కదా సామీ. పందొమ్మిదో ఆనవాలుగా..."

"గొడుగుకు పద్దెనిమిది ఉన్నాయిలే" అన్నాడు సాయిబు. "ఈయన ఆనవాలు ఒక్కటి చెప్పు."

దస్తగిరి మంచం వైపు చూశాడు. నిరుటి నుంచి ప్రతి సంతరోజూ వచ్చే మనిషి. తన చేత్తోనే వడ్డించాడు. మసి అంటిన ఆ వేళ్లు తెలుసు. ఇంకేం తెలుసు? పేరు? అదీ తెలియదు.

సాయిబు అతన్ని తొందరపెట్టలేదు. ఎసరు పెట్టడానికి లోపలికి వెళ్లాడు.

మంచం మీద మనిషి కదిలి, నీళ్లు కావాలని సైగ చేశాడు. దస్తగిరి అతని తల ఎత్తి పట్టుకుని తాగించాడు. చెంబు కింద పెట్టాక లేవలేదు. అక్కడే, నేల మీద, ఆ ముఖానికి ఎదురుగా చతికిలబడ్డాడు.

"మీదే ఊరన్నా?" అన్నాడు.