సూరీడమ్మ కొండ

అన్యాయం జరిగింది సూరీడమ్మకి. జరిగింది కిందటి శ్రావణమాసంలో, చెల్లెలి కూతురి పురిటికని ఆమె సాలూరు వెళ్లి ఉన్న రోజుల్లో. ఈ రెండు ముక్కలూ ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే మా పార్వతీపురంలో ఈ సంగతి ఎవరెత్తినా ఆమె మొగుడి పేరుతో మొదలుపెట్టి, ఆయన చేతి పనితనంతో ముగిస్తారు. మధ్యలో ఈవిడ కాఫీ గ్లాసులు పట్టుకుని ఒకసారి కనబడుతుంది, అంతే.

మేం కొందరం ఏకాదశి మధ్యాహ్నాలు మాణిక్యమ్మగారి వరండాలో కూర్చుని నాలుగు మంచి మాటలు వింటాం. ఆవిడ ప్రశ్నకి జవాబు చెప్పే మనిషి కాదు. చేటలో బియ్యం ఏరుతూ అంతా వింటారు. విన్నాక ఏదో ఒకటి చూపిస్తారు. చూడటం చేతనైనవాడికి అదే జవాబు, చేతకానివాడు మళ్లీ ఏకాదశికి వస్తాడు.

ఆ రోజు అడిగినవాడు గౌరీపతి మాస్టారు. హైస్కూల్లో లెక్కలు చెబుతాడు. వక్కపొడి కూడా ముట్టని బుద్ధిమంతుడు.

"అమ్మగారూ, హింస అంటే ఏమిటండీ? పెళ్లయిన నాటినుంచీ మా ఆవిడ మీద నేను చెయ్యెత్తలేదు, గొంతెత్తలేదు. జీతం తెచ్చి ఆవిడ చేతిలోనే పెడతాను. అయినా ఏడాదిగా నాతో ఉప్పూ పప్పూ గురించి తప్ప మాట్లాడదు. మొన్న పెట్టె సర్దుకుంది. ఎందుకని అడిగితే, మీకు తెలీదా అంది. నాకు నిజంగానే తెలీదండీ. పుట్టింటికి వెళితే మళ్లీ రాదేమోనని భయంగా ఉంది."

మాణిక్యమ్మగారు చేట పక్కన పెట్టారు.

"దాలినాయుడు రైలు చూశావా?"

"లేదండీ. బావుందని ఊరంతా చెప్పుకుంటున్నారు."

"అయితే లే. చూసొద్దాం."

మేమూ వెంట బయల్దేరాం. దాలినాయుడుగారు, అంటే సూరీడమ్మ మొగుడు, స్టేషన్ మాస్టరుగా చేసి రిటైరైన మనిషి. ఇంటి ముందుగదిని నిండా ఆక్రమించేలా బల్లలు వేసి, వాటి మీద ఒక స్టేషన్ కట్టారు. ఆయన మొదటి ఉద్యోగం చేసిన గుమ్మడివలస అట. పసుపు బోర్డు మీద మూడు భాషల్లో పేరు. ప్లాట్‌ఫారం మీద చిటికెన వేలంత ప్రయాణికులు. ఎండిన బీరపీచు కత్తిరించి, రంగు వేసి చెట్లు చేశారు. రంపపు పొట్టుకి ఆకుపచ్చ అద్ది గడ్డి చేశారు. పట్టాల మధ్య పరిచిన కంకర జల్లెడ పట్టినది, ఒక రాయి పెద్దదీ కాదు, చిన్నదీ కాదు. బల్లకి అవతలి కొసన ఇంకో స్టేషన్. రెండింటికీ మధ్య పెద్ద కొండ, కొండలో సొరంగం. అసలు సొరంగాలకి ఉన్నట్టే దాని నెత్తిన కట్టిన తేదీ చెక్కారు. కాదనడం దేనికి, చూడ్డానికి ముచ్చటగానే ఉంది.

"ఇది సింగిల్ లైనండీ మాస్టారూ," అన్నారాయన ఉత్సాహంగా. "అవతలి స్టేషన్ని అడగాలి. అక్కడివాడు లైన్ క్లియర్ ఇవ్వాలి. ఇవ్వకుండా బండి వదిలామంటే ఎదురుగా ఏదొస్తోందో ఎవడికి తెలుసు? నా సర్వీసులో అడక్కుండా ఒక్క బండి వదల్లేదు. ఇంట్లో కూడా అదే రూలు."

అని గంట కొట్టారు. కొట్టి, బల్ల చుట్టూ గబగబా నడిచి అవతలి స్టేషన్ దగ్గర నిలబడి, అక్కడి గంట కొట్టారు. మళ్లీ వెనక్కి నడిచొచ్చి, "ఇచ్చాడు" అని పచ్చ దీపం వెలిగించారు. అడిగేవాడూ ఆయనే, ఇచ్చేవాడూ ఆయనే. గౌరీపతి మాస్టారు చప్పట్లు కొట్టాడు. బండి కొండలోకి దూరి, అటువైపు తేలింది.

"కొండ దేంతో చేశావు నాయనా?" అన్నారు మాణిక్యమ్మగారు.

"పాత కాగితాలమ్మా! అటక మీద ట్రంకు పెట్టెడు పడున్నాయి. పేజీ పేజీ చింపి, మైదా జిగురులో నానేసి, పొర మీద పొర వేసుకుంటూ పోయాను. ఇప్పుడు మీరెక్కి నిలబడినా నలగదు."

సూరీడమ్మ అప్పుడే కాఫీ గ్లాసులు తెచ్చి వంటింటి గుమ్మంలో ఆగింది.

"ఆ పెట్టెలో ఏముండేవి సూరీడూ?"

"ఏటుంటాయి అమ్మగారూ, పాత కాగితాలే. ఆయన చెప్పీసేరు కదా."

"నిన్నడిగాను."

సూరీడమ్మ గ్లాసులు కింద పెట్టింది. మా వైపు చూడలేదు, కొండ వైపే చూసింది.

"వారపత్రికల్లో సీరియళ్లు. వారంవారం ఆ పేజీలు విప్పదీసి, దబ్బనంతో కుట్టి, అట్ట వేసుకునేదాన్ని. బదిలీ అయిన ప్రతి ఊరికీ మోసుకెళ్లేను. నాలుగో తరగతితో బడి మానిపించీసేరు, నాకు మిగతా చదువంతా అదే. ఒక వారం పుస్తకం రాకపోతే పక్క స్టేషన్లో గార్డుగారి భార్యని అడిగి తెప్పించుకునేదాన్ని. అందులో ఒక సీరియల్ మాత్రం నేను చదవలేదు."

"చదవకుండా కుట్టడం దేనికండీ?" అన్నాడు గౌరీపతి మాస్టారు. లెక్కల బుర్ర.

"దాచుకున్నాను బాబూ. కుళాయి దగ్గర ఆడాళ్లంతా దాని గురించే చెప్పుకునేవారు. నాకు చెప్పకండర్రా అని చెవులు మూసుకునేదాన్ని. ఈయన రిటైరయ్యేక, పిల్లల చాకిరీ అయ్యేక, ఎవరూ పిలవని రోజున తలుపేసుకుని ఒక్క బిగిన చదువుదామని. పురిటి నుంచి తిరిగొచ్చి ఆ పనే మొదలెడదామనుకున్నాను."

దాలినాయుడుగారి మొహం చిన్నబోయింది. "ఈ ముక్క ఒక్కసారి చెబితే తీసి పక్కన పెట్టేవాణ్ణి కదా! నువ్వు ఊళ్లో లేవాయె. నిన్ను అడిగేదెలా?"

"ఫోను చేసేరు కదా."

"ఎప్పుడు?"

"జల్లెడ ఎక్కడుందని."

బండి తిరుగుతూనే ఉంది. ఆయన దాన్ని ఆపడం కూడా మరిచిపోయారు.

"అమ్మా, మీరే చెప్పండి," అన్నారాయన. "ఇన్నేళ్లలో దీన్ని ఒక్క మాట అన్నానా? పోనీ ఇప్పుడు మించిపోయిందేముంది? ఆ పుస్తకం పేరు చెప్పమనండి, విజయవాడ నుంచైనా తెప్పిస్తాను."

"అది పుస్తకంగా రాలేదు," అంది సూరీడమ్మ. గొంతులో కోపం లేదు. కోపమే ఉంటే ఆయనకి బావుండేది. "సొరంగం లోపల ఎవరికీ కనబడదని ఈయన రంగు వెయ్యలేదు అమ్మగారూ. మొన్న దుమ్ము తుడుస్తూ టార్చిలైటు వేసి చూసేను. ఆ సీరియల్ పేజీయే. కాగితం రంగుని బట్టి పోల్చుకున్నాను. ఒక్క వరస కనబడుతోంది. 'అప్పుడామె తలుపు' అనుంది. తెరిచిందో, మూసిందో జిగురు కింద ఉండిపోయింది."

కాఫీలు చల్లారిపోయాయి. ఆమే గ్లాసులు తీసుకుని మళ్లీ వెచ్చబెట్టడానికి లోపలికి వెళ్లింది. దాలినాయుడుగారు బండి ఆపి, కొండ మీద చెయ్యి వేసి, ఎక్కడ పట్టుకుంటే ఊడుతుందా అన్నట్టు అటూ ఇటూ తడిమారు. ఎక్కడా పట్టు దొరకలేదు. ఎక్కి నిలబడినా నలగకుండా కట్టినది మరి. ఇదంతా విని ఊళ్లోవాళ్లు ఏమన్నారంటారా? పాపం దాలినాయుడికి పుస్తకాల విలువ తెలీదన్నారు. పుస్తకాల విలువట! ఆ పెట్టెలో గిల్టు గాజులున్నా అన్యాయమనే అంటాను నేను.

తిరుగుదారిలో మాస్టారు అందరికంటే వెనక నడిచాడు. రైలు గేటు దగ్గర మేం ఆగాల్సి వచ్చింది. అక్కడ మాణిక్యమ్మగారి పక్కకి వచ్చాడు.

"అమ్మగారూ, మా ఇంట్లో నేనేం తీసి ఏ కొండ కట్టానో ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదండీ."

"నీకెందుకు గుర్తుంటుంది? కట్టినవాడివి."

"ఆవిణ్ణి క్షమించమని అడిగేదా?"

"అడిగి, ఆ గంటా నువ్వే కొట్టుకుంటావా?"

గేటు లేచింది. మాణిక్యమ్మగారు చెప్పులీడ్చుకుంటూ పట్టాలు దాటారు. దాటాక వెనక్కి తిరిగి ఇంకొక్క మాట మాత్రం అన్నారు.

"ఆ సొరంగం నెత్తిన తేదీ ఉంది చూశావా? పని పూర్తయిన రోజని ఆయన చెక్కుకున్నాడు. ఆవిడకది పెట్టె ఖాళీ అయిన రోజు, రోజూ దాని కింద దుమ్ము తుడుస్తుంది. మీ ఇంట్లో అలాంటి తేదీ ఏదో మీ ఆవిడకి తెలుసు, వెళ్లి విను. అక్కడిది నేను చదివే వచ్చాను. 14-8-2016."