రాని పిల్లల లెక్క

మౌలాలికి ఒక చిక్కు వచ్చింది. బళ్ళు నాలుగు, చదువు చెప్పే అయివార్లు నలుగురు. పిల్లలు మాత్రం అన్నిచోట్లా ఒక్క తీరుగా లేరు.

ఆ బళ్ళను నాలుగూళ్ళవాళ్ళూ కలిసి నడుపుకుంటారు. జొన్నలు పండితే జొన్నలు, కొర్రలు పండితే కొర్రలు, ఇంటికింత పోగేసి అయివార్లకు ఇస్తారు. ఐదో మనిషిని పెట్టుకునే తాహతు లేదు. వచ్చే ఏడు ఏ బడికి ఎవరు అనేది మృగశిర కార్తెలోపు తేల్చాలి. ఊరికొక పెద్దమనిషి, పెద్దమనిషికొక మాట. ఎటూ తెగక ఆ పనిని గుట్ట మీది దర్గాకు వదిలేశారు. అక్కడుండే హుస్సేన్ పీరా తాత మాటంటే నాలుగూళ్ళకూ గురి.

తాత దాన్ని తన శిష్యుడు మౌలాలికి అప్పగించాడు.

"ఎట్ల చేసేది తాతా?"

"నీకు తోచినట్ల చెయ్యి. నాకూ చూడాలనుంది."

మౌలాలి చురుకైనవాడు. చెప్పులరిగేలా తిరిగాడు. ప్రతి బడిలోనూ ఒక పూట కూర్చుని తలలు లెక్కపెట్టాడు. సంతపేటలో అరవై మంది. పాక పట్టక సగం మంది బయట ఎండలోనే. కంబళ్ళదిన్నెలో నలుగురు. ఆ నలుగురిలో ఒకడు నిద్రపోతున్నాడు.

ఇంకేముంది, తేలిపోయింది. కంబళ్ళదిన్నెలో చెప్పే ఖాసింబీ సంతపేటకు పోవాలి. ఆ నలుగురు పిల్లలూ వాగు దాటి అక్కడికే నడిచి రావాలి. ఇందులో తప్పేమీ కనిపించదు కదా. మౌలాలికీ కనిపించలేదు. ఇంత చక్కగా తేలినందుకు లోలోపల పొంగిపోయాడు కూడా.

కబురు అందిన మర్నాడే ఖాసింబీ గుట్టెక్కి వచ్చింది. ఆయాసం తీరకముందే అడిగింది.

"ఏమయ్యా మౌలాలీ, నా బడి మూసేస్తివంట?"

"మూసేది కాదమ్మా. నీ అవసరం ఉన్నకాడికి పంపుతున్నా. నలుగురికి ఒక అయివారమ్మంటే మిగతా ఊర్లోళ్ళు ఊరుకుంటారా?"

"నువ్వొచ్చింది ఎండాకాలం గదయ్యా. మా ఊరోళ్ళు గొర్రెల్ని తోలుకోని ఏటి గట్లకు పోయినారు. పిల్లోళ్ళు ఈడుండి ఏం తింటారు? ఎంబడే పోయినారు. వానలు పడితే వస్తారు."

"ఎందరొస్తారు?"

"నాకేం తెలుసు?"

"అందరూ వస్తారా?"

"రారు. పోయినేడు రెండిండ్లోళ్ళు ఆడ్నే ఉండిపోయిరి."

ఆమె అందరూ వస్తారని బొంకి ఉంటే మౌలాలికి తేలికగా ఉండేది.

"మరి లేనోళ్ళ కోసరం ఆడ నువ్వేం చేస్తావమ్మా?"

"ఉన్నోళ్ళకు చెప్తా. లేనోళ్ళ కోసరం కూసోనుంటా." కొంగుతో మొహం తుడుచుకుంది. "గొర్రెల ఎంబడి పోయినోడు తిరిగొచ్చి, బడి తలుపు మూసుండేది ఒక్కపారి చూసినాడంటే, నాయనా, వాడింక రాడు. కర్ర పట్టుకుంటాడు, అంతే."

ఇంకో మాట చెప్పకుండా గుట్ట దిగిపోయింది.

మౌలాలికి ఆ మధ్యాహ్నమంతా ఏ పనీ తోచలేదు. చివరికి తాత దగ్గరికి వెళ్ళాడు. తాత గడప మీద కూర్చుని కంబళి చిరుగు కుట్టుకుంటున్నాడు.

"తాతా, రాని పిల్లల్ని లెక్కలోకి ఎట్ల తీసుకునేది?"

తాత సూది ఆపాడు. "భలే అడిగితివి. నాకూ తెలీదు. నువ్వు పెట్టుకున్న కట్టుబాటు ఏంది?"

"పిల్లలు ఎక్కువున్నకాడికి అయివారు పోవాల."

"న్యాయమే."

దారం పంటితో కొరికి, సూదిని టోపీకి గుచ్చుకుని, తాత లేచాడు. కంబళి భుజాన వేసుకున్నాడు. చేతికర్ర అందుకున్నాడు.

"యాడికి తాతా?"

"సంతపేటకు."

"ఈ ఎండలో ఏం పని?"

"బడి చెప్పేదానికి."

మౌలాలి నవ్వాడు. తాత నవ్వలేదు.

"ఈ దర్గాలో ఇప్పుడు నా దగ్గర చదివేటోళ్ళు ఎందరు?"

మౌలాలి చుట్టూ చూశాడు. అరుగు బోసిగా ఉంది. "నేనొక్కణ్ణే."

"ఆడ?"

"అరవై మంది."

"నువ్వు తేల్చిందే కదప్పా," అని తాత మెట్లు దిగసాగాడు.

మౌలాలి పరుగెత్తి ఆయన ముందు అడ్డంగా నిలబడ్డాడు. "అట్ల కాదు తాతా! ఇప్పుడంటే ఎవురూ లేరు గానీ, బషీరు సేద్యం పని తీరినాక వస్తానన్యాడు. వాళ్ళమ్మకు నెమ్మదిస్తే నబీసాబూ వస్తాడు. ఇంకా కొత్తోళ్ళు..."

"ఎందరు?"

తాత కళ్ళల్లో ఎగతాళి లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు.

మౌలాలి వేళ్ళ మీద లెక్కపెట్టబోయి ఆగిపోయాడు. ఖాసింబీ కూడా ఇక్కడే, ఇదే ఎండలో నిలబడింది.

"నా ఒక్కనికైనా నువ్వు కావాల తాతా," అన్నాడు. గొంతు పసిపిల్లవాడిదైపోయింది.

తాత అతని భుజం మీద చెయ్యి వేశాడు. "ఖాసింబీకి కబురంపు, ఆడ్నే ఉండమని."

"అయితే నువ్వు ఈడ్నే ఉంటావా?"

"సంతపేట పిల్లోళ్ళు ఎండలో కూసున్యారని నువ్వే గదా చెప్పింది?"

"మరి దర్గా?"

"నువ్వు లేవా?"

తాత వెళ్ళిపోయాడు. కర్ర చప్పుడు మలుపు దాకా వినిపించి ఆగిపోయింది.

మృగశిర వచ్చింది. దర్గాకు చదువుకు ఎవరూ రాలేదు. సంతపేట నుంచి కబుర్లు మోసుకొచ్చేవాళ్ళు మాత్రం వస్తున్నారు. పిల్లలు తాత టోపీ దాచేశారట. కూడికల్లో తాతే తప్పులు చేస్తుంటే వాళ్ళు పడీపడీ నవ్వుతున్నారట. బషీరు జాడ లేదు. నబీసాబు తల్లికి ఇంకా నెమ్మదించలేదు.

మౌలాలి పొద్దున్నే అరుగు ఊడ్చి, చాప పరిచి కూర్చుంటాడు. మొదట్లో అది శిక్షలా ఉండేది. తరవాత్తరవాత, చీపురు పట్టుకున్నప్పుడల్లా ఒక ఆరాటం మొదలైంది. ఇవాళ ఎవరు? సాయంత్రం ఎవరూ రాకుండానే చాప చుట్టేటప్పుడు కూడా అది పూర్తిగా చల్లారేది కాదు.

తొలి వానలు పడ్డాక ఒకనాడు కింది తోవలో గంటలు వినిపించాయి. మౌలాలి గుట్ట దిగి వెళ్ళాడు. తడిసిన ఉన్ని వాసన. మంద తోవ నిండా పారుతోంది. వెనకాల కావళ్ళు, కుండలు, ఆడవాళ్ళు, పిల్లలు. అలవాటు కొద్దీ పిల్లల్ని లెక్కపెట్టబోయాడు. గొర్రెల్లో కలిసిపోయి ఎవరూ లెక్కకు నిలవడం లేదు. వదిలేశాడు.

గొర్రెపిల్లను మెడ మీద వేసుకున్న ఒక పాప అతని ముందు ఆగింది. కాళ్ళు మోకాళ్ళ దాకా బురద.

"సామీ, మా అయివారమ్మ ఉందా, పాయనా?"

"ఉంది," అన్నాడు మౌలాలి.

పాప గొర్రెపిల్లను దించి వాళ్ళమ్మ చేతుల్లో పెట్టి, మందను దాటుకుని ముందుకు ఉరికింది.