పూటకో పొడుపు

నల్లగుట్ట అడవిలో కొండముచ్చులు, దుప్పులు, అడవిపందులు, ఒక ముసలి ఎలుగుబంటి, ఒక ముళ్లపంది ఉండేవి. పులి కూడా ఉండేది గానీ, ఈ కథలో దానికి పని లేదు.

ఎండాకాలం వస్తే ఆ అడవికి భయం. ఎక్కడో ఒక నిప్పురవ్వ పడేది, గడ్డి అంటుకునేది. అందుకని జంతువులన్నీ కలిసి మంటలార్పే దండు పెట్టుకున్నాయి. దండులో చేరాలంటే ఇరవై పూటలు పని చెయ్యాలి. అంటే అడవి బాటల మీద ఎండుటాకులు ఊడ్చి మట్టి బయటపెట్టాలి. ఆరు పూటలు పాఠం వినాలి. పాఠం చెప్పేది ఎలుగు తాత. పెద్ద మంటల్లో ఒళ్లు కాలి కూడా బతికి బయటపడ్డది ఆయనొక్కడే.

మరి ఈ పూటలన్నీ గుర్తుపెట్టేదెవరు? ముళ్లపంది సూదమ్మ.

ఒక్కొక్కళ్లకీ రెండేసి ఆకులు. పనికి టేకాకు, పాఠానికి మోదుగాకు. పూట పూర్తయితే సూదమ్మ తన ముల్లుతో ఆకుకి ఒక పొడుపు పొడిచేది. ఇంకొకటి వెయ్యమని బతిమాలితే ఒంటి మీద ముళ్లన్నీ లేపేది. ఎవరి ఆకు వాళ్లు పొడుచుకోకూడదు. అది దండు కట్టుబాటు.

సూదమ్మ మొగుడు మూడేళ్ల కిందటి మంటల్లో పోయాడు. ఏడుస్తూ కూర్చోడానికి ఆమెకి తీరికేదీ? ఇద్దరు పిల్లలు. బొరియేమో దక్షిణం వాలులో, గడ్డి మధ్యన. మంటొస్తే ముందు అంటుకునేది ఆ వాలే. దండుకి పెద్దగా ఉన్నవాళ్లు ఎటు పొమ్మంటే దండు అటే పోతుంది. ఆ పెద్ద ఎవరవుతారా అని సూదమ్మకి లోపల గుబులు. పైకి మాత్రం అనేది కాదు.

కొండముచ్చు తోకరాజుకి ఏ గుబులూ లేదు. పెద్ద తనేనని వాడు ఎప్పుడో తేల్చేసుకున్నాడు.

"నాకు పాఠమెందుకత్తా? మంటొస్తే చెట్టు మీంచి చెట్టుకి దూకుతా. నువ్వు నేర్చుకో, దొర్లుకుంటూ పోయేదానివి!" అన్నాడు. వాడి జట్టు కొండముచ్చులు కొమ్మలూపి నవ్వాయి.

"దొర్లినా చెవులు తెరుచుకునే దొర్లుతాను. నోరు మూసుకుని విను," అంది సూదమ్మ.

మొదటి పాఠం నాడు వాడు కొమ్మ మీద గుర్రుపెట్టి నిద్రపోయాడు. లేచి, ఒళ్లు విరుచుకుని, ఆకు చాపాడు.

"పొడువత్తా."

"నిద్రకి పొడుపు లేదు."

"వచ్చానా, లేదా?"

"వచ్చావు. నీ తోక కనపడింది. పొడుపు వచ్చినందుకు కాదు, విన్నందుకు."

వాడు మూతి తిప్పుకుని పోయాడు. మళ్లీ పాఠం వైపు రాలేదు.

దండు పెద్దని ఎంచుకునే రోజు వచ్చింది. ఎవరి ఆకుల మీద పొడుపులెక్కువుంటే వాళ్లే పెద్ద. ఆకులన్నీ ఎలుగు తాత ముందు పరిచారు. తోకరాజు టేకాకు మీద ముప్పై పొడుపులు. అవి నిజమైనవే. పదిమంది చూస్తుంటే వాడు బాగానే ఊడ్చేవాడు. మోదుగాకు మీద చూస్తే ఆరు పొడుపులు! అడవంతా ఈలలు వేసింది.

సూదమ్మ ఆ మోదుగాకుని ఎండకి పట్టి చూసింది.

"తాతా, ఈ ఆరూ నావి కావు. ఒక్క రోజున పొడిచినవి."

"ఎట్లా చెప్తావు?"

"మొదటి పాఠం నాడు ఆకు పచ్చిగా ఉంటుంది. పొడిస్తే బొక్క చుట్టూ నల్లగా అంచు కడుతుంది. ఆరో పాఠానికి ఆకు ఎండుతుంది, పొడిస్తే పెటపెటా చీలుతుంది. వీడివి ఆరూ చీలికలే. ఒక్కదానికైనా నల్లంచు లేదు. రాలిన నా ముల్లు ఏరుకుని ఎండాకు మీద పొడుచుకున్నాడు."

"పొడుచుకున్నా! అయితే ఏంటట?" అన్నాడు తోకరాజు. "ఎవరు పొడిస్తే ఏంటి, బొక్క బొక్కే కదా!"

"ఒక్క ఆకు కోసం ఇంత రాద్ధాంతమా సూదమ్మా?" అంది ఒక దుప్పి.

ఎలుగు తాత ఆ ఆకుని పక్కన పడేశాడు. "నేను నాలుగు జట్లకి పాఠం చెప్పాను. నాలుగు జట్లతోనూ కూర్చుని, ప్రతి పాఠమూ విన్నది ఎవరు?"

అందరి కళ్లూ ముళ్లపంది వైపు తిరిగాయి.

"సూదమ్మా, నీ ఆకులేవీ?"

"లేవు తాతా. నావి నేను పొడుచుకోకూడదు కదా."

తాత ఒక పచ్చి మోదుగాకు కోశాడు. తన గోరుతో ఒక్కొక్కటే, ఇరవైనాలుగు పొడుపులు పొడిచాడు. "మాతోపాటు రోజూ ఊడ్చింది కూడా," అంటూ అడవిపందులు ఆమె పేరున టేకాకు తెచ్చి ముందుపెట్టాయి. "అయితే దండుకి పెద్ద నువ్వే," అన్నాడు తాత. సూదమ్మ ముళ్లు వాటంతటవే లేచి నిలబడ్డాయి. కోపంతో కాదు.

"దొర్లేదాని వెనక నేను నడవను," అని తోకరాజు తన జట్టుని తీసుకుని పోయాడు.

నాలుగో రోజు మిట్టమధ్యాహ్నం దక్షిణం వాలు కింద పొగ లేచింది. గాలి పైకి వీస్తోంది.

"పందులూ, నా బొరియకి దిగువన మూతులతో మట్టి తిరగెయ్యండి! దుప్పులూ, ఆకులు గీకి అవతల పారెయ్యండి! పచ్చికొమ్మ తప్ప ఏదీ పట్టొద్దు. కాలిన నేల మీద నిలబడి మంటని పక్కనుంచి కొట్టండి!" అంది సూదమ్మ. పిల్లలున్న బొరియ ముప్పై అడుగుల దూరంలో ఉంది. అటు ఒక్కసారి కూడా తిరిగి చూడలేదు.

పొగ చూసి జట్టుతో వచ్చిన తోకరాజు మాత్రం అందరికన్నా ముందు మంటకి ఎదురుగా దూకాడు. చేతికందిన కొమ్మ విరిచి కొట్టాడు. అది ఎండుకొమ్మ. కొట్టిన ప్రతి దెబ్బకీ రవ్వలు లేచి వాడి వెనక్కి పడ్డాయి. వెనక గడ్డి అంటుకుంది. వాడి జట్టు ఎప్పుడో పారిపోయింది.

"అత్తా! చచ్చానత్తా!"

"నల్లగా కాలిన చోటికి దూకు!"

"అక్కడ పొగలొస్తున్నాయి!"

"అక్కడ కాలడానికి ఇంకేం మిగల్లేదురా! దూకు!"

వాడు కళ్లు మూసుకుని దూకాడు. ప్రాణం దక్కింది గానీ, తోక మీద వెంట్రుక మిగల్లేదు.

మంట తిరగేసిన మట్టి దాకా వచ్చింది. తినడానికి అక్కడ గడ్డిపరక లేదు. పచ్చికొమ్మల దెబ్బలకి కుంగి, కుంగి, ఆరిపోయింది. బొరియలోంచి పిల్లలు తుమ్ముకుంటూ తల బయటపెట్టారు.

"అమ్మా, పొగ!"

"నాకు తెలుసు. లోపలికి పొండి," అంది సూదమ్మ. వాళ్లని మూతితో లోపలికి తోస్తూ తనూ ఒకసారి తుమ్మింది. పొగ వల్లే అనుకోండి.

సాయంత్రం దండంతా గుట్ట పైకి బయల్దేరింది. ముందు సూదమ్మ నడిచింది. మెల్లిగానే నడిచింది. వెనక పొడుగుకాళ్ల దుప్పులున్నాయి, బలమైన పందులున్నాయి. ఒక్కరు కూడా ఆమెని దాటలేదు. దారి పొడుగునా పిట్టలు కొమ్మలు దిగి చూశాయి. సూదమ్మ తల వంచలేదు.

అందరికన్నా చివర కాలిన తోక పట్టుకుని తోకరాజు వచ్చాడు.

"అత్తా, రేపటి పాఠం ఎప్పుడు?"

"పొద్దెక్కకముందే. కడుపు నిండా నిద్రపోయి రా."

నీతి: చెయ్యని పనికి, నేర్వని పాఠానికి గుర్తు వేసుకుంటే మోసపోయేది మనమే. ఆపద వచ్చిననాడు ఆదుకునేది ఆకు మీది పొడుపు కాదు, నిజంగా గడిపిన పూట.